వికాష్ ధొరాసూ: కోరంగి దారి పట్టిన వారి మునిమనవడు, ఫ్రాన్స్ జట్టు మిడ్‌ఫీల్డర్

వికాష్ ధొరాసూ ఫ్రాన్స్ దేశపు మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు. 1973 అక్టోబరు 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని హార్‌ఫ్లర్‌లో పుట్టారు. ఫ్రాన్స్ జాతీయ జట్టుకు 18 మ్యాచ్‌లు ఆడి ఒక గోల్ చేశారు. లె హావ్ర్, లియోన్, బోర్డో, ఏసీ మిలాన్, పారిస్ సాంజెర్మెన్ (పీఎస్‌జీ) క్లబ్బులకు ఆడారు. తల్లిదండ్రులు మారిషస్ నుంచి ఫ్రాన్స్ వెళ్లి స్థిరపడినవారు. ఆ కుటుంబం మూలాలు తెలుగు నేలవి. 2006 ప్రపంచ కప్‌లో ఫైనల్ దాకా వెళ్లిన ఫ్రాన్స్ జట్టులో ఆయన ఒక సభ్యులు.

ఈ వ్యాసం రాయవలసి రావడానికి కారణం మా తప్పే. 2006 ప్రపంచ కప్ తర్వాతి ఉగాదికి మా సంఘం వేసిన ప్రత్యేక సంచికలో "ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన తెలుగు బిడ్డ" అని ఆయన మీద అర పేజీ వేశాం. ప్రూఫులు దిద్దింది మేమే. సంచిక పంచిన వారం రోజులకే ఒక సభ్యుడి మనవడు, ఇంటర్ చదివే కుర్రాడు, వచ్చి "తాతగారూ, ఆయన ఫైనల్ ఆడలేదండీ, బెంచీ మీద కూర్చున్నారు" అన్నాడు. కుర్రాడి మాటే నిజం. ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన గుమాస్తాకి అది చిన్న తప్పు కాదు. ఆ తర్వాత వేరే ఊళ్ల సంఘాల సావనీర్లలోనూ అవే వాక్యాలు కనిపించాయి. కొన్నింటిలో ఆయన ఆంధ్రలో పుట్టారని కూడా రాశారు. అందుకని ఈసారి రికార్డు సరిగ్గా పెడదామని కూర్చున్నాం.

కోరంగి సంగతి

యానాం నుంచి కాకినాడ బస్సెక్కితే దారిలో కోరంగి వస్తుంది. ఇప్పుడక్కడ మడ అడవులు చూడటానికి పర్యాటకులు దిగుతున్నారు గాని, ఒకప్పుడు అది ఓడలు కట్టే రేవు. 1839 తుపాను ఆ రేవు నడుం విరిచింది. దానికి కొద్ది ఏళ్ల ముందు నుంచే మారిషస్ చెరకు తోటలకు కూలీలు ఇక్కడి నుంచి ఓడలెక్కడం మొదలైంది. బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు మనుషులు కావలసి వచ్చి, ఒప్పందాలు రాయించుకుని తీసుకెళ్లారు. 1834 మొదలుకొని దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగారు. అందులో ఎక్కువ మంది బీహార్ వైపు భోజ్‌పురీ వారు. మనవాళ్లు విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లారు. ఏ రేవు నుంచి వచ్చారో ఆ రేవు పేరుతోనే అక్కడి తెలుగువారిని "కొరింగీలు" అని పిలిచేవారు. ఫ్రెంచి వారి రీయూనియన్ దీవికైతే 1828లో మా యానాం నుంచే కూలీలు వెళ్లారు. అది వేరే కథ.

అక్కడి రిజిస్టర్లు రాసిన గుమాస్తాలకు మన ఇంటిపేరు, ఒంటిపేరు తేడా తెలియదు. చాలా కుటుంబాల్లో తండ్రి పేరే తర్వాతి తరానికి ఇంటిపేరైపోయింది. వాళ్ల చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. అప్పడు, రామన్న లాంటి పేర్లు ఫ్రెంచి, ఇంగ్లీషు స్పెల్లింగుల్లో గుర్తుపట్టలేనంతగా మారాయి. ధొరాసూ అన్న పేరు చూసి మా సభ్యులు దొరస్వామి అనీ, దొరరాజు అనీ తలా ఒకటి చెప్పారు. సంఘం రికార్డులో ఊహలు ఎక్కించే అలవాటు మాకు లేదు.

మారిషస్‌లో తెలుగు పూర్తిగా పోలేదు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దీవిలోనే. ఆ ద్వీపం నుంచి ఫ్రాన్స్‌కి వెళ్లిన కుటుంబంలో పుట్టినవారు వికాష్. అంటే ఆంధ్ర తీరం ఒక మజిలీ, మారిషస్ ఇంకొకటి, ఫ్రాన్స్ మూడోది. మన పాఠకుల ఇళ్లలో బళ్లారి, షోలాపూర్, బరంపురం అంటూ లెక్కపెట్టే మజిలీల లాంటివే, సముద్రం అడ్డం వచ్చింది అంతే.

లె హావ్ర్

సెన్ నది సముద్రంలో కలిసే చోట లె హావ్ర్ అనే పెద్ద రేవు పట్టణం ఉంది. హార్‌ఫ్లర్ దాన్ని ఆనుకుని ఉన్న ఊరు. రేవు, ఫ్యాక్టరీలు, కార్మికుల వాడలు ఉన్న ప్రాంతం. ఆ వాడల్లో ఒకటైన కోక్రియోవిల్‌లో ఆయన పెరిగారు. లె హావ్ర్ క్లబ్బు 1872లో పుట్టిందని చెప్పుకుంటుంది, ఫ్రాన్స్ క్లబ్బుల్లో పెద్దన్న లాంటిది. కప్పులు పెద్దగా గెలవలేదు గాని పిల్లలను తయారు చేయడంలో పేరుంది. మనకు ఊరి గ్రంథాలయం ఎలాగో, ఆ వాడల పిల్లలకు ఆ క్లబ్బు శిక్షణ కేంద్రం అలాంటిది.

మనిషి పొట్టి, బక్కపలచన. ఢీకొట్టి బంతి లాక్కునే రకం కాదు. మైదానం మధ్యలో నిలబడి, బంతి అందుకుని, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి అందించే రకం. దాన్నే మిడ్‌ఫీల్డర్ అంటారు. గోల్ చేసేవాడి ఫోటో పేపర్లో పడుతుంది. ఆ గోల్‌కి మూడు పాసుల ముందు బంతి ఎవరి కాలి దగ్గర ఉందో అడిగేవాళ్లు తక్కువ. ధొరాసూ ఆ మూడు పాసుల ముందటి మనిషి. ఆయన రికార్డులో గోళ్ల సంఖ్య చూసి పెదవి విరిచేవారు ఇది గుర్తుంచుకోవాలి.

1993లో లె హావ్ర్ పెద్ద జట్టులోకి వచ్చారు. ఐదు సీజన్లు ఆడారు.

లియోన్, బోర్డో, మళ్లీ లియోన్

1998లో లియోన్ కొనుక్కుంది. అప్పటికి లియోన్ ఒక్కసారి కూడా ఫ్రాన్స్ లీగ్ గెలవని క్లబ్బు. 2001లో లీగ్ కప్ గెలిచింది. లీగ్ కప్ వేరు, లీగ్ వేరు: లీగ్ అంటే ఏడాది పొడుగునా అందరితో ఆడి, పాయింట్లు లెక్కపెట్టి తేల్చేది. కప్ అంటే ఓడినవాడు ఇంటికి పోయే పోటీ.

ఆ తర్వాత జరిగినదాంట్లో విధి వైపరీత్యం ఉంది. 2001-02 సీజన్‌కి లియోన్ ఆయన్ని బోర్డోకి అద్దెకిచ్చింది. ఫుట్‌బాల్‌లో దీన్ని లోన్ అంటారు. మా ఆఫీసుల్లో డెప్యుటేషన్ అనేవాళ్లం, ఉద్యోగం ఒకచోట, కుర్చీ ఇంకోచోట. సరిగ్గా ఆ సీజన్లోనే లియోన్ తన చరిత్రలో మొదటిసారి లీగ్ గెలిచింది, అదీ చివరి రోజున లాన్స్‌ను ఓడించి. అందులో ఆయన లేరు. బోర్డోతో మాత్రం 2002 లీగ్ కప్ గెలుచుకున్నారు.

డెప్యుటేషన్ ముగిసి తిరిగొచ్చాక 2003, 2004లో లియోన్ వరుసగా లీగ్ గెలిచింది. ఈ రెండు టైటిళ్లలో ఆయన భాగం ఉంది. పాల్ ల గెన్ కోచ్, బ్రెజిల్ నుంచి వచ్చిన జునిన్యో ఫ్రీకిక్కులు, యూరప్ ఛాంపియన్స్ లీగ్‌లో 2004 క్వార్టర్ ఫైనల్. ఆటగాడిగా ఆయన మంచి రోజులు ఇవేనని మా అభిప్రాయం. సావనీర్లలో మాత్రం వీటికి ఒక్క వాక్యమూ దక్కదు. అందరికీ ప్రపంచ కప్ కావాలి.

మిలాన్ బెంచీ

2004లో ఇటలీలోని ఏసీ మిలాన్‌కి వెళ్లారు. అప్పటి మిలాన్ మధ్యవరుస పేర్లు చూడండి: పిర్లో, గట్టూసో, సీడార్ఫ్, కాకా. ఐదోవాడికి చోటెక్కడ? ఆ సీజన్ లీగ్‌లో ఆయనకు డజను మ్యాచ్‌లు దక్కాయి. ఎక్కువసార్లు చివర్లో దిగడమే.

2005 మే 25న ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ప్రత్యర్థి లివర్‌పూల్. సగం ఆటకి మిలాన్ మూడు గోళ్ల ఆధిక్యంలో ఉంది. విశ్రాంతి తర్వాత ఆరు నిమిషాల్లో లివర్‌పూల్ మూడూ తిరిగి కొట్టింది. చివరికి పెనాల్టీ షూటవుట్‌లో మిలాన్ ఓడింది. ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఈనాటికీ చెప్పుకునే మ్యాచ్ అది. ఆ రాత్రి ధొరాసూ బెంచీ మీద ఉన్నారు. కోచ్ అన్చెలొట్టి మార్చగలిగిన ముగ్గురినీ మార్చారు. ఆ ముగ్గురిలో ఆయన లేరు.

పారిస్ గోల్

ఆ వేసవిలోనే ఫ్రాన్స్ తిరిగొచ్చి పీఎస్‌జీలో చేరారు. అప్పటి పీఎస్‌జీ నేటి పీఎస్‌జీ కాదు. గల్ఫ్ డబ్బు ఇంకా రాలేదు. అభిమానులకు కోపాలెక్కువ, ఫలితాలు తక్కువ.

2006 ఏప్రిల్ 29. పారిస్ శివారులోని స్టాద్ ద ఫ్రాన్స్‌లో ఫ్రెంచి కప్ ఫైనల్. ఎదుట మార్సేయ్. ఈ రెండు జట్ల మధ్య పగ గురించి చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. మొదటి గోల్ పీఎస్‌జీకి కలూ చేశారు. రెండో సగం మొదలైన కొద్దిసేపటికే ధొరాసూ దూరం నుంచి, గోల్ ఇంకా చాలా ముందుండగానే, బలంగా కొట్టారు. బంతి వలలో పడింది. తర్వాత మార్సేయ్ ఒకటి తిరిగి కొట్టింది గాని 2-1తో పీఎస్‌జీ కప్ గెలిచింది. గోళ్లు అరుదుగా చేసే మనిషి చేసిన ఈ గోలే కప్ తెచ్చింది. వీడియో దొరికితే పిల్లలకు చూపించండి. ప్రపంచ కప్ క్లిప్పుల కోసం వెతికే బదులు ఇది చూడటం మేలు.

2006 ప్రపంచ కప్: అసలు జరిగింది

ఫ్రాన్స్ జట్టుకు ఆయన మొదటి పిలుపు 1999లో వచ్చింది. 1998లో సొంతగడ్డ మీద కప్ గెలిచిన జట్టు అది. జిదాన్, దెషాం, విఏరా, పెతీలు ఉన్న మధ్యవరుసలో నిలదొక్కుకోవడం మాటలు కాదు. మొదట్లో కొద్ది మ్యాచ్‌లతోనే ఆగిపోయింది. 2004లో రేమోన్ దొమెనెక్ కోచ్ అయ్యాక మళ్లీ తలుపు తెరుచుకుంది. దొమెనెక్ అంతకుముందు పదేళ్లు దేశపు అండర్-21 జట్టు కోచ్. కుర్రతనం నుంచీ ధొరాసూ ఆయనకు తెలుసు. 2005 అక్టోబరు 12న సైప్రస్ మీద 4-0తో గెలిచి ఫ్రాన్స్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. దేశం తరఫున ధొరాసూ చేసిన ఒకే ఒక గోల్ ఆ మ్యాచ్‌లోదే.

జర్మనీ వెళ్లిన 23 మందిలో ఆయన పేరుంది. జెర్సీ నంబరు 8. జూన్ 13న స్టుట్‌గార్ట్‌లో స్విట్జర్లాండ్‌తో మొదటి మ్యాచ్. చివరి నిమిషాల్లో విల్టోర్ స్థానంలో దించారు. గోల్ లేకుండా డ్రా. జూన్ 18న లైప్‌జిగ్‌లో దక్షిణ కొరియాతో రెండో మ్యాచ్. ఇంకా ఆలస్యంగా, ఆట ముగిసే వేళకు దించారు. 1-1. అంతే. రెండూ కలిపితే పావుగంట కూడా కాదేమో. భారత సంతతి వారిలో ప్రపంచ కప్ మైదానంలో కాలుపెట్టిన మొదటి మనిషి అని ఎన్నో పత్రికలు రాశాయి. ఆ మాటకు ఆధారం ఈ కొద్ది నిమిషాలే.

ఆ తర్వాత ఫ్రాన్స్ టోగోను, స్పెయిన్‌ను, బ్రెజిల్‌ను, పోర్చుగల్‌ను ఓడించింది. ఆయన ఒక్క నిమిషం ఆడలేదు. జూలై 9న బెర్లిన్‌లో ఇటలీతో ఫైనల్. జిదాన్ తలతో ఢీకొట్టి రెడ్ కార్డుతో బయటికి వెళ్లిన మ్యాచ్. మా ఇళ్లలో ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా ఆ దృశ్యం చూశారు. అప్పట్లో ఒక జట్టు ముగ్గురినే మార్చుకోవచ్చు. దొమెనెక్ విఏరాకు దెబ్బ తగిలితే డియారాను దించారు. అదనపు సమయంలో రిబేరీ బదులు ట్రెజెగే, ఆన్రీ బదులు విల్టోర్ వచ్చారు. ముగ్గురూ అయిపోయారు. 1-1 దగ్గర ఆగి, పెనాల్టీల్లో ట్రెజెగే కొట్టింది క్రాస్‌బారుకు తగిలి ఇటలీ గెలిచింది.

అంటే పదమూడు నెలల్లో ప్రపంచంలోని రెండు అతిపెద్ద ఫైనళ్లు. రెండింటిలోనూ ఆయన జట్టు పెనాల్టీల్లో ఓడింది. రెండింటిలోనూ ఆయన బెంచీ మీదే. మా ఉగాది సంచికలో మేము రాసినదానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. "ఫైనల్ ఆడారు" అని గొప్ప చేసి రాసి, ఆయన నిజంగా అనుభవించినదాన్ని చెరిపేశాం. అక్కడిదాకా వెళ్లడం ఎంత కష్టమో, వెళ్లాక కూర్చోవడం ఎలా ఉంటుందో, ఆ రెండూ కలిస్తేనే ఆయన కథ.

ఆయన దాన్ని దాచుకోలేదు. ఆ నెల రోజులూ ఒక చిన్న సూపర్-8 ఫిల్మ్ కెమెరా వెంట పెట్టుకుని, హోటల్ గదుల్లో తనను తానే చిత్రీకరించుకున్నారు. ఆ కెమెరా ఇచ్చింది ఆయన మిత్రుడు, సంగీతకారుడు ఫ్రెడ్ పూలే. ఇద్దరూ కలిసి దాన్ని "సబ్‌స్టిట్యూట్" అనే సినిమాగా చేశారు. 2007లో విడుదలైంది. అందులో గోళ్లు, జెండాలు ఉండవు. పిలుపు కోసం ఎదురుచూసే మనిషి ఉంటాడు, గది ఉంటుంది, కిటికీ ఉంటుంది. జట్టు లోపలి సంగతి కెమెరాకెక్కించాడని ఫుట్‌బాల్ లోకంలో కొందరికి కోపం వచ్చింది. ప్రమోషన్ జాబితా కోసం నోటీసు బోర్డు దగ్గర నిలబడిన వాళ్లెవరికైనా ఆ సినిమా అర్థమవుతుందని మాకనిపిస్తుంది.

ఉద్వాసన

ప్రపంచ కప్ నుంచి తిరిగొచ్చాక పీఎస్‌జీలో కోచ్ గీ లకోంబ్‌తో పడలేదు. పత్రికల ముందే కోచ్‌ను విమర్శించారు. రిజర్వు జట్టుకు ఆడమంటే కాదన్నారు. 2006 అక్టోబరులో క్లబ్బు ఆయన్ని ఉద్యోగం నుంచి తొలగించింది. ఆరు నెలల క్రితం కప్ తెచ్చిన గోల్ చేసిన మనిషిని. ఫ్రాన్స్‌లో వృత్తి ఆటగాళ్లకు, క్లబ్బులకు మధ్య నియమావళి ఒకటి 1973లో వచ్చింది. అది వచ్చాక ఒక క్లబ్బు ఆటగాణ్ణి ఇలా డిస్మిస్ చేయడం అదే మొదటిసారని అప్పటి పత్రికలు రాశాయి. మామూలుగా పొసగకపోతే అమ్మేస్తారు, లేదా కొంత డబ్బిచ్చి పంపుతారు.

ఎవరిది తప్పు అన్నదానిపై మాలో మాకే రెండు అభిప్రాయాలు. పై అధికారిని పేపర్లో తిడితే ఏ ఆఫీసులోనైనా మెమో వస్తుంది, అది ఒక మాట. ఆటగాడు నోరు తెరవకూడదని కోరే పద్ధతి మంచిది కాదు, అది ఇంకో మాట. ఆయన మొదటి నుంచీ నోరున్న మనిషే. పుస్తకాలు, రాజకీయాలు మాట్లాడతాడని ఫ్రెంచి పత్రికలు ఆయనకు "మేధావి" అని ముద్ర వేశాయి. మెచ్చుకోలు సగం, వెక్కిరింత సగం.

2007లో ఇటలీలోని లివోర్నోకి వెళ్లారు. అక్కడ లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడకుండానే వెనుదిరిగారు. 2008 మొదట్లో ఆట నుంచి తప్పుకున్నారు. అప్పటికి 34 ఏళ్లు.

ఆ తర్వాత

కొంతకాలం పోకర్ పోటీల్లో ఆడారు. పేకాట అంటే మన పెద్దలకు నచ్చదు గాని అక్కడ అది టీవీలో వచ్చే పోటీ. స్వలింగ ప్రియుల పట్ల ఫుట్‌బాల్‌లో ఉన్న వివక్షను ఎదిరించిన ఒక పారిస్ క్లబ్బుకు అండగా నిలిచారు, ఇంకా ఏ ఆటగాడూ ఆ మాట ఎత్తడానికి ఇష్టపడని రోజుల్లో. 2011లో మిత్రులతో కలిసి "తాతాన్" అనే బృందం పెట్టారు. డబ్బు, గెలుపు తప్ప ఇంకేమీ కనిపించని ఫుట్‌బాల్‌ని మళ్లీ ఆటగా చూడాలన్నది దాని ఉద్దేశం. 2020 పారిస్ పురపాలక ఎన్నికల్లో వామపక్షం వైపు నుంచి 18వ వార్డులో పోటీకి దిగారు.

ఒక ప్రశ్న మా సభల్లో ప్రతిసారీ వస్తుంది: "మనవాడైతే ఇండియాకి ఎందుకు ఆడలేదు?" సూటిగా జవాబు చెప్పాలంటే, ఆయన ఫ్రాన్స్‌లో పుట్టిన ఫ్రెంచి పౌరుడు. భారత జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలి. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఒకసారి ఫ్రాన్స్ పెద్ద జట్టుకు పోటీ మ్యాచ్ ఆడాక ఆనాటి ఫుట్‌బాల్ నియమాల ప్రకారం ఇంకో దేశం మాటే ఉండేది కాదు.

కాని అడిగినవారిని మేము తిరిగి ఒకటి అడుగుతుంటాం. బళ్లారిలోనో, హోసూరులోనో, పర్లాకిమిడిలోనో మన పిల్లాడు ఆ రాష్ట్రం జట్టుకి ఎంపికైతే, "తెలుగువాడివి కదా, ఆంధ్రకి ఎందుకు ఆడవు?" అని ఎవరైనా అంటే మనకెలా ఉంటుంది? పుట్టి పెరిగిన ఊరి జెర్సీ వేసుకోవడం వాడి హక్కు. ఆ హక్కు లె హావ్ర్ కుర్రాడికీ ఉంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతాడన్నది వేరే లెక్క.

ఆ ఉగాది సంచిక ప్రతులు ఓ నలభై దాకా సంఘం బీరువాలో మిగిలాయి. వాటిని ఈ ఏడాది గ్రంథాలయాలకు పంపే ముందు ఆ అర పేజీ మీద దిద్దుబాటు చీటీ అతికించే పని మొదలైంది. చీటీలు టైపు చేసి ఇచ్చింది ఆనాడు తప్పు పట్టిన ఆ కుర్రాడే. ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాడు.